పాత ఇంజన్లకు వంటింటి వైద్యము

1888వ సంవత్సరము ఆగస్టు మాసమున, జర్మనీ దేశమందలి మాన్‌హైమ్ నగరమునుండి, భర్తకు ముందుగా తెలుపకయే, తన యిరువురు కుమారులను వెంటబెట్టుకొని, ఆయన నిర్మించిన మూడు చక్రముల మోటారు బండిపై, నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్న ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టింటికి బెర్తా బెంజ్ బయలుదేరినప్పుడు, దారిలో ఆమెను ఆదుకొనుటకు మెకానిక్కు గాని, విడిభాగముల దుకాణము గాని, పెట్రోలు బంకు గాని లోకమున ఎక్కడను లేవు. ఇంధనపు గొట్టము మూసికొనిపోగా టోపీకి గుచ్చుకొన్న సూదితో దానిని శుభ్రపరచెను. విద్యుత్తు తీగ ఒరసికొని చెడగా తన మేజోడు కట్టు విప్పి దానికి చుట్టెను. ఇంధనము తరుగగా వీస్‌లోహ్ పట్టణమున మందుల దుకాణమునకు పోయి, బట్టల మరకలు పోగొట్టుటకు వాడెడు లిగ్రోయిన్ అను ద్రవమును కొని పోసెను. బ్రేకు దిమ్మలు అరిగిపోగా చెప్పులు కుట్టువానిచేత వానికి తోలు కొట్టించెను. తొలి దూరప్రయాణమే యిట్టి చిట్కాలతో సాగినది గనుక, ఈ విద్య కారుతో పాటే పుట్టినదని చెప్పుట అతిశయోక్తి కాదు.

పాత ఇంజనుకు ఇంటి వస్తువులతో చికిత్స చేయ వీలగుటకు కారణ మొక్కటే: అందులో మరుగు తక్కువ. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అను ఆంగ్లేయ వాహనమునకు ప్రతిరూపమై, కలకత్తా చెంతనున్న ఉత్తరపారాలో 2014 వరకు తయారైన మన అంబాసిడర్‌నే తీసికొందము. బానెట్ ఎత్తినంతనే కార్బురేటరు, డిస్ట్రిబ్యూటరు, రేడియేటరు అన్నియు చేతికందునట్లు ఎదుట నిలుచును. పెట్రోలు ఎటు వచ్చుచున్నదో, నిప్పురవ్వ ఎటు పోవుచున్నదో, నీరు ఎచట కారుచున్నదో కంటితో చూచి, చెవితో విని, ముక్కుతో పసిగట్ట వచ్చును. రోగము తెలిసినవానికే గదా మందు తోచుట!

ఎండకాలపు ప్రయాణములలో పాత కారులకు తరచుగా వచ్చెడు జబ్బు వేపర్ లాక్ అనునది. ఆ కాలపు పెక్కు కారులలో పెట్రోలు పంపు ఇంజను దేహమునకే బిగింపబడి యుండును. మిట్టమధ్యాహ్నము బండి యెక్కడనో పది నిమిషములు ఆగినచో, గాలి తగులమిచేత ఇంజను వేడి యంతయు పంపునకు పట్టి, లోపలి పెట్రోలు మరిగి ఆవిరి యగును, ద్రవమును నెట్టుటకు పుట్టిన పంపు ఆవిరిని నెట్టలేదు, కార్బురేటరు ఎండిపోవును, సెల్ఫు ఎంత తిప్పినను ఇంజను పలుకదు. అట్టి సమయమున మన డ్రైవర్లు చేయుచు వచ్చిన పని, ఒక గుడ్డను నీటిలో ముంచి పంపునకు చుట్టుట. చూచుటకు జ్వరము వచ్చిన బిడ్డ నొసట తడిగుడ్డ వేసినట్లే యుండును. పనిచేయు విధమును అదియే. నీరు ఆవిరియగుచు తనకు కావలసిన వేడిని పంపునుండి లాగికొనును. వేసవిలో మట్టికుండ నీరు చల్లబడుట కేది కారణమో, ఇచ్చటను అదియే కారణము. అమెరికాలో ఇదే జబ్బునకు పెట్రోలు గొట్టము పొడవునను బట్టల దండెపు కొయ్యక్లిప్పులు పెట్టెడు అలవాటు ఉండెను. కొయ్య వేడిని లాగి బయటికి విడువజాలదు గనుక అందు నాకు నమ్మకము లేదు. క్లిప్పులు పెట్టునంత సేపటికి ఇంజను తనంతట చల్లబడుటయే ఆ మందు మహిమయై యుండును.

రేడియేటరు కారుటకు చెప్పబడిన మందులు దేశమునకొక తీరుగా నున్నవి. ఆంగ్లేయులు ఆవపొడిని, కోడిగ్రుడ్డు తెల్లసొనను పోసిరి. అమెరికా వారు మిరియాల పొడిని వేసిరి. మన లారీ డ్రైవర్లు, టాక్సీవారు పసుపు పోసిరి. వీనియందలి సూత్ర మొక్కటే. నీటితో పాటు తిరుగుచున్న మెత్తని పొడి, సన్నని చిల్లువద్ద బయటికి త్రోయబడుచు, అచటనే ఇరుకుకొని, నాని ఉబ్బి, దారిని మూయును. తెల్లసొన అరువది డిగ్రీలు దాటినంతనే గడ్డకట్ట నారంభించును. పనిచేయుచున్న ఇంజనులోని నీరు అంతకంటె ఎంతయో వేడి గనుక, అది చిల్లులో చేరి గట్టిపడునని వారి ఆశ. పసుపు పోసి ఊరు చేరినవారి మాట అబద్ధము కాదు. కాని చిల్లును మూయు వస్తువునకు చిల్లేదో, నీరు పారవలసిన సన్నని గొట్టమేదో తెలియదు. ఇంటికి చేరిన పిదప రేడియేటరును విప్పించి కడిగించక, అదే పసుపుతో ఆరు నెలలు తిరిగినవాడు చిన్న చిల్లును మాన్పుకొని పెద్ద జబ్బును తెచ్చుకొన్నవాడగును. గొట్టములు పూడి, ఇంజను కాగి, హెడ్డు వంకరపోయినచో ఆ ఖర్చు ముందు రేడియేటరు అతికించు కూలి లెక్కకు రాదు.

చిట్కాల మంచిచెడ్డలను తూచుటకు నేను పెట్టుకొన్న రాయి ఒకటి కలదు: పోసినదానిని మరల తీసివేయ వీలగునా, కాదా? తడిగుడ్డ ఆరిపోవును. పెట్రోలు టాంకుకు సన్నని చిల్లు పడినప్పుడు బట్టల సబ్బు ముక్కను గట్టిగా రుద్ది మూయుట ఉత్తమమైన ఉపాయము. సబ్బు పెట్రోలులో కరుగదు, మరునాడు గోకినచో ఊడివచ్చును. చుట్టుపట్ల నిప్పు లేకుండ చూచుకొనవలెను, అంతే. తెగిన ఫాన్ బెల్టు స్థానమున నైలాన్ మేజోడు ముడివేసి కొంత దూరము నడుపు ఉపాయమును మెచ్చదగినదే. పెట్రోలు శక్తి పెరుగునని నాఫ్తలీన్ ఉండలు టాంకులో వేయుట మాత్రము మానవలెను; అది చల్లబడిన చోట తిరిగి గడ్డకట్టి కార్బురేటరు జెట్లలో చేరును, దానిని పట్టి బయటికి తీయువారు లేరు.

వానలో నిలిచిపోయిన బండికి పొడిగుడ్డను మించిన మందు లేదు. డిస్ట్రిబ్యూటరు మూతలో తేమ పట్టి, నిప్పురవ్వ పోవలసిన దారి తప్పిపోవును; మూత తీసి లోపలా బయటా తుడిచిన చాలును. మూతలో వెండ్రుకవంటి నల్లని గీత కనబడినచో అది విద్యుత్తు దొంగదారి. దానిని గీకి ఇల్లు చేరుట, చేరిన పిదప మూత మార్చుట.

అన్నిటికంటె ఓర్పు కోరునది ఏండ్ల తరబడి షెడ్డులో పడియున్న కారు. పిస్టన్లు తుప్పుతో సిలిండర్లకు అంటుకొని కదలక యుండును. ఆటోమేటిక్ గేరు బాక్సులకు పోసెడు ట్రాన్స్‌మిషన్ ఆయిలును, అసిటోనును సమపాళ్లలో కలిపి ప్లగ్గు రంధ్రములగుండ పోసి, దినములు గాదు, వారములు వేచియుండువారు కలరు. విప్పిన ఇనుప భాగముల తుప్పు వదల్చుటకు ఆస్ట్రేలియా మొదలగు దేశముల పాతకారుల ప్రియులు చెరకుమడ్డిని, అనగా మొలాసిస్‌ను, ఒక పాలుకు తొమ్మిది పాళ్ల నీరు కలిపి, అందులో వారముల తరబడి నానబెట్టుదురు. మడ్డిలోని పదార్థములు తుప్పును పట్టి లాగికొనునే గాని మంచి ఇనుమును అంతగా తినవు. అల్యూమినియము భాగములను మాత్రము అందులో వేయరాదు, అవి చెడును. చెరకు మిల్లులున్న మన జిల్లాలలో ఈ మందు దొరకుట కష్టము కాదు.

మీ పెద్దల కాలపు కారు ఎచటనైన మూలబడి యున్నచో, దానిని తాళ్లతో లాగించి, తోయించి ఒక్కసారిగా స్టార్టు చేయించవలెనని తొందరపడకుడు. ముందు ప్లగ్గులు తీసి నూనె పోయుడు. వారము గడచిన పిదప హ్యాండిల్ పెట్టి చేతితో మెల్లగా, కొంచెము కొంచెముగా తిప్పి చూడుడు. అది కదలలేదేని, మరల నూనె పోసి మరియొక వారము ఆగుడు.