ఒక దేశంలో ఆపబోతే ప్రపంచమంతా ఆగింది

2008 ఫిబ్రవరి 24న చాలా దేశాల్లో దాదాపు రెండు గంటలపాటు యూట్యూబ్ తెరుచుకోలేదు. సర్వర్లు బాగానే ఉన్నాయి, వాటికి చేరే దారే తప్పింది.

ఇంటర్నెట్ అంటే వేల నెట్‌వర్కుల కలయిక. ఏ చిరునామాకు ఎటు వెళ్లాలో అవి ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి బీజీపీ ప్రోటోకాల్. తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపేందుకు పాకిస్తాన్ టెలికాం ‘ఆ చిరునామాలకు దారి ఇటే’ అని ప్రకటించుకుంది. ఆ ప్రకటన పొరపాటున సరిహద్దు దాటింది. యూట్యూబ్ ప్రకటన 1,024 చిరునామాల గుంపుకు, ఇది అందులోని 256కే. రెండు దారులుంటే రూటర్లు చిన్న గుంపునే నమ్ముతాయి. చెప్పినవారికి ఆ హక్కు ఉందా అని బీజీపీ అడగదు. చిత్రంగా, యూట్యూబ్ కూడా ఇదే కిటుకు వాడి, 128 చొప్పున ఇంకా చిన్న గుంపులు ప్రకటించింది.

ఇప్పుడు ఆ హక్కును రుజువుచేసే డిజిటల్ సంతకాలు, ఆర్‌పీకేఐ, వచ్చాయి. వాటిని సరిచూడని నెట్‌వర్కులు ఇంకా ఉన్నాయి.