కోట చూస్తే ఊరు చూసినట్టేనా?

విశ్వవిద్యాలయంలో ఉద్యోగమనో, భోగాపురం విమానాశ్రయం పనులనో, కలెక్టరేటుకు బదిలీ అనో విజయనగరానికి కాపురం మార్చుకునేవాళ్ళు ఏటా పెరుగుతున్నారు. ఇల్లు దొరికేది ఎక్కువగా రింగురోడ్డు వైపో, బాబామెట్ట వైపో, కంటోన్మెంటులోనో. సామాన్లు సర్దుకున్నాక వచ్చే మొదటి ఆదివారం కోట ముందు ఒక ఫొటో, గంటస్తంభం దగ్గర ఇంకొకటి, సాయంత్రం రామనారాయణం గుడి. అంతటితో ఊరు చూడ్డం అయిపోయిందనుకుంటారు. చారిత్రక పట్టణంలో కొత్తగా దిగినవాళ్ళు చేసే పొరపాటు ఇక్కడే మొదలవుతుందని నా వాదన. విజయనగరంలో చరిత్ర కోట గోడల్లో కంటే కోట ముందున్న దారిలో ఎక్కువుంది. ఆ దారిని వాడుకోవడం నేర్చుకున్నవాళ్ళకే తాము అద్దెకున్న పేట కూడా అర్థమవుతుంది.

కోటనే తీసుకోండి. 1713లో పునాది పడిన ఈ కోట ఇప్పుడు రాజభవనమూ కాదు, టిక్కెట్టు కొని తిరిగే మ్యూజియమూ కాదు. రాజవంశానికి చెందిన పీవీజీ రాజు 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టి దీన్ని చదువులకు అప్పగించారు. నగారాఖానా కింద నుంచి రోజూ పొద్దున్నే లోపలికి వెళ్ళేది పుస్తకాల సంచులు తగిలించుకున్న విద్యార్థులు. అంటే ఊళ్ళోకెల్లా పెద్ద కట్టడం కూడా నిలిచి ఉన్నది వాడకం వల్లే. దాన్ని బయట నిలబడి చూసి వచ్చేస్తే సగం సంగతే తెలుస్తుంది.

మిగతా సగం తెలియాలంటే విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం దాకా ఆగాలి. పైడితల్లి అమ్మవారి సిరిమాను ఆ రోజు మూడు లాంతర్ల కూడలి దగ్గరి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్ళి వస్తుంది. యాభై అడుగులు దాటిన చింతమాను చివర పూజారి కూర్చుంటాడు. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల కదులుతాయి. 1757లో బొబ్బిలి యుద్ధంలో విజయనగరం రాజు విజయరామరాజు చనిపోయాడని విని ఆయన చెల్లెలు పైడితల్లి పెద్దచెరువులో ప్రాణం వదిలిందని, తర్వాత పతివాడ అప్పలనాయుడు చెరువులోంచి విగ్రహాన్ని వెలికితీశాడని కథనం. ఈ పండగ ఊరి పటాన్ని ఎలా గీస్తుందో గమనించాలి. మాను తయారయ్యేది హుకుంపేటలో. చెట్టు వచ్చేది ప్రతిసారీ ఏదో ఒక పల్లె నుంచి. ముందురోజు తొలేళ్ళకు విత్తనాల కోసం వచ్చేది చుట్టుపక్కల రైతులు. అమ్మవారి వనంగుడి ఉన్నది రైల్వే స్టేషను దగ్గర. చెరువు, స్టేషను, పేట, పల్లె, గుడి, కోట అన్నీ ఒక్క తాటి మీదికి వస్తాయి. ఫోను చూపించే పటంలో ఇవన్నీ విడివిడి చుక్కలు. అసలు పటం ఏడాదికోసారి జనం నడిచి గీసేదే.

ఇదంతా రాజుల గొప్ప చెప్పుకోవడమే కదా, మాకెందుకని అడిగేవాళ్ళుంటారు. న్యాయమైన ప్రశ్నే. సంస్థానాల చరిత్రలో శిస్తు కట్టినవాడి పేరు కనిపించదు. అయితే సిరిమాను రోజున రాజకుటుంబం బురుజు మీద కూర్చుని చూసేదే తప్ప నడిపించేది కాదు. మానెక్కేది పూజారి, వల పట్టేది బెస్తలు, తోసుకుంటూ నడిచేది జనం.

పైగా ఈ ఊరి కీర్తిలో పెద్ద వాటా బయట నుంచి వచ్చినవాళ్ళది. 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుకు వయొలిన్ ఆచార్య పదవే దక్కింది. తర్వాత కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుర్రవాడు ఘంటసాల పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర పాఠం నేర్చుకుంటూ, జోలె పట్టి వీధి వీధీ మధుకరం ఎత్తుకుని చదువుకున్నాడు. ఏ గుమ్మంలో పిడికెడు అన్నం పెడతారో తెలిసినవాడికి ఊరు తెలిసినట్టే. ఇందుకు తిరగేసిన బొమ్మ గురజాడ గిరీశం. కన్యాశుల్కం మొదలయ్యేది బొంకులదిబ్బ దగ్గర, ఊరు వదిలి పారిపోదామన్న ఆలోచనతో. పూటకూళ్ళమ్మ డబ్బు కాజేసిన సంగతి బయటపడితే ఈ ఊళ్ళో దాక్కునే చోటుండదని అతనికి తెలుసు. పాతపట్టణంలో ముఖం గుర్తుంటుంది, బాకీ కూడా గుర్తుంటుంది. కాలనీ అపార్టుమెంటులో ఈ రెండూ లేవు. అది కొందరికి హాయి కూడా, కాదనను.

ఇక రెండో అభ్యంతరం: అన్నీ రింగురోడ్డులోనే దొరుకుతుంటే ఆ ఇరుకు సందుల్లోకి ఎందుకు? నిజమే, పండగ ముందు మూడు లాంతర్ల దగ్గర కారు ఆపడానికి చోటుండదు. కానీ సౌకర్యమొక్కటే చూసుకుంటే ఊరు మారిపోతున్నా తెలియదు. 2020 మే నెలలో సుందరీకరణ పనుల్లో మూడు లాంతర్ల స్తంభాన్ని తొలగించినప్పుడు గొడవ రేగింది. ఆ స్తంభం ఆనవాలుగా దారి చెప్పుకున్నవాళ్ళకే ఆ లోటు వెంటనే కనిపించింది. కొత్త కాలనీ వాళ్ళలో ఎంతమందికి అది తమ విషయమనిపించి ఉంటుంది?

శ్రీకాకుళానికీ ఇదే వర్తిస్తుంది. అరసవల్లి సూర్యదేవుణ్ణి దర్శించుకుని ఊరు చూశామనుకునేవాళ్ళు నాగావళి గట్టునున్న గుజరాతీపేటలోకి అడుగు పెట్టరు, గోల్కొండ ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన మసీదు దాకా వెళ్ళరు. దూరం పెద్దదేం కాదు, ఆటోకు కూడా పని లేదు. నా సలహా అడిగితే, అద్దె కాగితం మీద సంతకం పెట్టాక మొదటి నెల కూరగాయలు కాలనీ బండి దగ్గర కొనకుండా పాత బజారుకు నడిచి వెళ్ళి కొనమంటాను. విజయనగరంలో అయితే మంగళవారాలు చదురుగుడి దగ్గర రద్దీ ఎక్కువ, బుధవారం వెళ్ళండి.