నలిగిన కండయు, నిలిచిన మూత్రమును

మన ఉద్దానపు తోటలలో కొబ్బరిచెట్టుమీదినుండి పడినవారును, టెక్కలి ప్రాంతపు రాతి క్వారీలలో బండలక్రింద చిక్కినవారును, దమ్ములో ట్రాక్టరు తిరుగబడి దానిక్రింద నలిగినవారును కలరు. అట్టివారికి ఎముక విరిగెనా, నెత్తురు పోయెనా యని అందఱును చూతురు. మూత్రము వచ్చుచున్నదా యని అడుగువారు మిక్కిలి అరుదు. ఎరువులను గూర్చి వ్రాయవలసిన పుటలో ఈ ప్రసంగమేల యని కొందఱు అనవచ్చును. పొటాషు ప్రసంగము ఇందును రాగలదు; చిత్తగింపుడు.

మూత్రపిండములు రెండును గుండె పంపు నెత్తురులో దాదాపు అయిదవ వంతును గైకొని, దినమునకు సుమారు 180 లీటర్ల నీటిని వడగట్టి, లీటరున్నర మాత్రము బయటకు విడిచి, తక్కినదానిని మరల దేహమునకు అప్పగించును. నెత్తురు మిక్కిలిగా కాఱిపోయినప్పుడు దేహము మెదడును గుండెను కాపాడుకొనుటకై మూత్రపిండములకు పోవు తూమును దించివేయును. గొట్టా వద్ద వంశధార మట్టము తగ్గిన యేట ఎడమకాలువ శివారు రైతు గతి యేమగునో మన సభ్యులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. కొంతసేపు అవి ఓర్చుకొనును. గంటలు గడచినకొలది లోని సన్నని గొట్టములు చెడును.

నెత్తురు కాఱకయే కలుగు కీడు మఱియొకటి కలదు. 1941లో లండను నగరముపై బాంబులు పడినపుడు, కూలిన యిండ్లక్రిందనుండి తీయబడిన కొందఱు మొదట కోలుకొన్నట్లే కనబడి, పిమ్మట మూత్రము నిలిచి, వారము దినములలో మరణించిరి. బైవాటర్సు, బీల్ అను వైద్యులు దీనిని పరిశీలించి ప్రకటించిరి. గంటలకొలది నలిగిన కండనుండి మయోగ్లోబిన్ అను ఎఱ్ఱని పదార్థము నెత్తురులో కలిసి మూత్రపిండపు గొట్టములను పూడ్చివేయును. మూత్రము కాఫీ డికాషను రంగున వచ్చుట దీని గుఱుతు. అదే కండనుండి పొటాషియము కూడ వెలువడును. అది హెచ్చినచో గుండె హఠాత్తుగా ఆగిపోవచ్చును.

1999 ఆగష్టులో తుర్కీదేశమున కలిగిన భూకంపములో 639 మందికి ఇట్లు మూత్రపిండములు చెడినవి. అందు 477 మందికి డయాలిసిస్ చేసిరి. ఎక్కువమంది బ్రతికిరి. దీర్ఘకాలపు జబ్బువలె గాక, ఇది కొన్ని వారములలో తిరిగి బాగుపడగల వ్యాధి. కాలము మించకుండ కనిపెట్టుటయే కావలసినది.

మన సీమకు ఇట్టి ఆపదలు క్రొత్తవి గావు. 2017 జనవరి 21 రాత్రి కూనేరు వద్ద హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పినది; 2023 అక్టోబరు 29న కంటకాపల్లి సమీపమున రెండు పాసింజరు బండ్లు ఢీకొన్నవి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానునకు ఉద్దానపు చెట్లు నేలకొరిగినవి. ఎవరైన చిక్కుకొన్నప్పుడు వెంటనే 108కి తెలిపి, చిక్కిన వేళను కాగితముపై గుర్తించుకొనవలెను. త్వరగా తీయగలిగినచో తీయుటయే మేలు. గంటలకొలది నలిగియున్నవాడైనచో, వైద్యసిబ్బంది చేరువలో నున్నయెడల, సెలైను ఎక్కించుచు తీయుట శ్రేయస్కరము. మా అభిప్రాయములో ప్రతి సంఘపు గిడ్డంగియందును బరువైన జాకీ యొకటియు, గడ్డపారలును ఇందులకై ప్రత్యేకముగ నుండవలెను, ఖర్చు స్వల్పము.

ఇక పొటాషు సంగతి. దెబ్బ తిన్నవానికి బొండాము కొట్టి త్రాగించుట మనవారి ఆదరము. కాని కొబ్బరిచెట్టు పొటాషును ఎంత కోరునో మేము సభలలో చెప్పుచునే యున్నాము. ఆ పొటాషు బొండాము నీటిలో పుష్కలముగ నుండును. నలిగినవాని నెత్తురులో నది అప్పటికే హెచ్చుచుండగా మరికొంత పోయుట అపాయకరము. కావున ఇట్టివానికి కొబ్బరినీరు వలదు. శస్త్రచికిత్స కావలసివచ్చునేమో గనుక మంచినీటిని సైతము 108 సిబ్బందిని అడిగియే ఇయ్యవలెను. నొప్పికని డైక్లోఫినాక్ సూది వేయించుట కూడ తగదు. ఆ మందు మూత్రపిండములకు పోవు నెత్తురును ఇంకను తగ్గించును.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములవారు మరింత జాగ్రత్తపడవలెను. అచ్చటి దీర్ఘకాలపు మూత్రపిండవ్యాధికి కారణము నేటికిని నిర్ణయమునకు రాలేదు. అప్పటికే సగము చెడిన మూత్రపిండములకు చిన్న దెబ్బయు పెద్దదగును. చెడినట్లు రోగికే తెలియకపోవచ్చును. క్రియాటినిన్ పరీక్ష కాగితమును ప్రతివారును ఇంట భద్రపఱచి, ప్రమాదవేళ వైద్యునికి చూపవలెను. పాత అంకె తెలియనిచో క్రొత్తగా చెడినదెంతయో వైద్యుడు తేల్చుట కష్టము.

ఆసుపత్రిలో తోడుండువారు మూత్రమును కొలువవచ్చును. ఏబది కిలోల మనిషికి గంటకు 25 మిల్లీలీటర్లకు తగ్గి, ఆఱు గంటలు అట్లే యున్నచో నర్సునకు తప్పక చెప్పవలెను. ఇల్లు చేరిన మూడు నెలలకు క్రియాటినిన్ మరల చూపించుకొనవలెను. ఉద్దానమువారికి మూత్రపిండ వైద్యమునకై 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనది.