మీకు తెలుసా? పేడ బూడిదలో గిట్టల గుర్తులు

పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో ఒక బూడిద దిబ్బ ఉంది. అది నాలుగు వేల ఏళ్లకు పైబడిన పశువుల దొడ్డి! 1957లో పురాతత్వవేత్త ఎఫ్.ఆర్. ఆల్చిన్ అక్కడ తవ్వితే, దుంగలు పాతి కట్టిన కంచె ఆనవాళ్లు బయటపడ్డాయి. అంతకన్నా అబ్బురం, బూడిద పొరల్లో చెక్కుచెదరకుండా నిలిచిన పశువుల గిట్టల ముద్రలు. ఏ రాజశాసనమూ ఇంత సూటిగా మాట్లాడదు.

దొడ్డిలో పేరుకున్న పేడను ఆ కాలపు కాపరులు మళ్లీ మళ్లీ తగలబెట్టారు. కొన్నిచోట్ల వేడికి బూడిద కరిగి, చిట్టెంలా గట్టిపడింది. ఇలాంటి దిబ్బలు అనంతపురం జిల్లా పాల్వాయిలోనూ, బళ్లారి ప్రాంతంలోనూ ఉన్నాయి. హంపీ దగ్గరి దిబ్బనైతే వాలిని దహనం చేసిన చోటని స్థానికులు నమ్ముతారు. పండుగ వేళ మంటల మీదుగా పశువులను తోలే ఆచారానికీ ఈ దహనాలకూ సంబంధం ఉందని ఆల్చిన్ భావించారు. ఆ ఊహ నాకు బలమైనదిగానే తోస్తుంది.

మరి ఆ కాపరులేం తినేవారు? దక్షిణ దక్కనులో వాళ్ల కాలపు, అంటే నవీన శిలాయుగపు ఊళ్లలో దొరికిన మాడిన గింజల్లో ఉలవలు, పెసలు, అండుకొర్రలు ఉన్నాయి. వరి అప్పటికింకా ఇక్కడి ముఖ్య పంట కాదు.