పురిటికి సైబీరియా!

చలికాలంలో బచ్చన్నపేట వైపు ఏ చెరువుమీదనో సూదితోక బాతు కనిపిస్తే, అది చుట్టపుచూపుకు వచ్చిందనుకోండి. దాని పుట్టిల్లు సైబీరియా వైపు. శివరాత్రితో చలి పోగానే మూటాముల్లె సర్దుతుంది.

పురిటికి అంతదూరమెందుకూ? ఎండాకాలం మన చెరువులు నెర్రెలు విచ్చుతాయి. అక్కడో, మంచు కరిగి ఎటుచూసినా మడుగులే, మడుగుల నిండా పురుగులే! మరీ పైకొసన వేసవిలో పొద్దే గూకదు. పిల్లలకు అస్తమానం భోజనమే.

గుడ్లదొంగలూ తక్కువ. కెనడాలో 3,350 కిలోమీటర్ల పొడవునా ఉత్తుత్తి గూళ్లలో కంజుగుడ్లుంచి చూశారు శాస్త్రజ్ఞులు. ఉత్తరానికి జరిగిన ఒక్కో డిగ్రీకి దొంగల భయం 3.6 శాతం తగ్గిందని 2010లో ప్రకటించారు. నక్క అక్కడా ఉందిలెండి!

ఇప్పుడు మంచు ముందే కరుగుతోంది. పురుగులు పోయాక గుడ్డు పగిలితే పిల్లకు పస్తే.