పరుగు - చెమట - నీటిపట్టీ

దూరము నడచువారు, పరుగెత్తువారు చిన్న సీసాలు గల పట్టీని నడుమునకు కట్టుకొని, దారిలో నీరు త్రాగుచుండుట నేడు వాడుకలోనికి వచ్చినది. అట్టి పట్టీలో ఎంత నీరు పట్టవలెను? అది ఎట్లుండవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రములోనే కలదు.

ముందుగా ఒక లెక్క. 60 కిలోల మనిషి 10 కిలోమీటర్లు పరుగెత్తినచో రమారమి 600 కిలోకాలరీల శక్తి వ్యయమగును. అందులో నాలుగింట మూడు పాళ్లు, అనగా 450 కిలోకాలరీలు, వేడిగా మారును. ఆ వేడి అంతయు శరీరములోనే నిలచిపోయినచో ఉష్ణోగ్రత దాదాపు 9 సెంటీగ్రేడు డిగ్రీలు పెరుగును, ప్రాణము దక్కదు. ఈ ఆపదనుండి కాపాడునది చెమట. ఒక గ్రాము చెమట ఆవిరియగుచు సుమారు 0.58 కిలోకాలరీల వేడిని తీసికొనిపోవును. చెమట ఒక్కటే ఆ వేడినంతటిని తొలగింపవలెనన్నచో 780 గ్రాముల చెమట ఆవిరి కావలెను. విశాఖపట్నము వంటి తీరప్రాంతములలో గాలి తేమగా నుండుటచే చెమట చాలవరకు ఆవిరి కాక కారిపోవును. కారిన చెమట శరీరములోని నీటిని తగ్గించునే గాని వేడిని తగ్గింపదు.

ఎవరికెంత చెమట పోవునో తెలిసికొనుట సులభము. పరుగునకు ముందు, ఒక గంట పరుగు తరువాత చెమట తుడుచుకొని బరువు చూచుకొనవలెను. తగ్గిన బరువునకు మధ్యలో త్రాగిన నీటి బరువును కలిపినచో పోయిన చెమట తెలియును. ఒక కిలో ఒక లీటరుతో సమానము. పోయిన నీటినంతటిని దారిలోనే భర్తీ చేయనక్కరలేదు. శరీరభారములో నూటికి 2 పాళ్లకు మించి తగ్గకుండిన చాలును.

అధికముగా త్రాగుటయు ప్రమాదమే. రక్తములోని సోడియము పలుచబడి, మెదడు కణములలోనికి నీరు చేరి వాపు కలుగును. 2002లో బోస్టన్ మారథాన్ పరుగు ముగించిన 488 మంది రక్తమును పరీక్షింపగా నూటికి 13 మందిలో సోడియము తక్కువగా నుండెను. పరుగులో బరువు పెరిగినవారిలో ఈ లోపము హెచ్చుగా కనబడెను. కనుక దాహమును అనుసరించి త్రాగవలెను. పరుగు తరువాత బరువు పెరిగినచో త్రాగినది ఎక్కువైనదని గ్రహింపవలెను.

ఇక పట్టీ సంగతి. అరగంట నడకకు పట్టీయే అక్కరలేదు; బయలుదేరునపుడు నీరు త్రాగిన చాలును. గంట, గంటన్నర పరుగునకు సాధారణముగా అర లీటరు సరిపోవును. దారిలో మంచినీటి కుళాయి ఉన్నచో ఇంకను తగ్గింపవచ్చును. లీటరునకు మించి కావలసినచో భుజములకు తగిలించుకొను సంచి మేలు.

బరువు శరీర గరిమనాభికి చేరువగా నుండిన ఊపు తక్కువ. అందుచే నీటిని చేతిలో పట్టుకొనుటకంటె నడుమున కట్టుకొనుట సుఖము. ఒక పెద్ద సీసాకంటె ఇరుప్రక్కల సమానముగా అమర్చిన రెండు మూడు చిన్న సీసాలు తూకము చెడకుండ చూచును. సగము ఖాళీయైన గట్టి సీసాలో నీరు జడత్వముచే అటునిటు తొణకుచుండును. నీరు తగ్గినకొలది ముడుచుకొనిపోవు మెత్తని సీసాలో గాలికి చోటు లేనందున తొణకుడు తక్కువ. పట్టీ వెడల్పుగా నున్నచో బరువు ఎక్కువ వైశాల్యముపై పడి ఒత్తిడి తగ్గును. అది పొట్టను నొక్కక తుంటి ఎముకలపై నిలువవలెను. సీసాలలో నీరు నింపి, కట్టుకొని, నాలుగడుగులు పరుగెత్తి చూచినగాని మంచిచెడ్డలు తెలియవు.

వాడిన ప్రతిసారి సీసాలను కడిగి ఆరబెట్టవలెను; తీపి పానీయము మిగిలినచోట సూక్ష్మజీవులు త్వరగా పెరుగును. ఆటల పీరియడుకు ముందు, తరువాత విద్యార్థులను తూచి, చెమట లెక్కను వారిచేతనే కట్టించినచో గుప్తోష్ణము పాఠము చక్కగా బోధపడును.