మన పొలముల ప్లాస్టిక్కు - సముద్రము

సముద్రము మర్పల్లికి బహుదూరము. దాని మాలిన్యముతో మనకేమి పని యని కొంద ఱనవచ్చును. కాని మన చెంతనున్న అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ వాడపల్లియొద్ద కృష్ణలో కలియును. తాండూరు ప్రాంతపు కాగ్నా, భీమానది మూలముగా ఆ కృష్ణనే చేరును. కృష్ణ హంసలదీవియొద్ద సముద్రమున కలియుచున్నది. వాగుగట్టున విడిచిన మందుసీసాలును, మల్చింగు పొరలును వానవరదలో నీ త్రోవనే పోగలవు.

2022 ఆగస్టు 26వ తేదీన విశాఖపట్టణ తీరమున వేలాది జనులు కూడి సుమారు 76 టన్నుల ప్లాస్టిక్కును ఏఱివేసిరి. తీరమున ఏఱుటకంటె పొలముననే ఆపుట సులభము.

కావున రైతుసోదరులారా! పురుగుమందు డబ్బాలను మూడుమాఱులు కడిగి, ఆ నీటిని మందుకొట్టు పంపులోనే పోయుడు. డబ్బాకు రంధ్రము చేసి వేఱుగా నుంచుడు. కాల్పకుడు, ఆ పొగ విషము. పశువులు మేయుచోట సంచులు విడువకుడు; కడుపున జేరిన ప్లాస్టిక్కు అరుగదు, పశువు ప్రాణముమీదికి వచ్చును. ప్రతి గ్రామమునను సంఘసభ్యులు కూడి సేకరణస్థల మొకటి యేర్పఱచుట యుక్తము.